ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఆగి అడిగినందుకు

మొన్న రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్న డాక్టరు గారికి, సిస్టర్ గారికి ఈ నాలుగు ముక్కలు. ఆ కంగారులో మీకు థ్యాంక్స్ కూడా చెప్పలేదు.

అమ్మకి గుండె నిమిషానికి 190 సార్లు కొట్టుకుంటోంది. మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది. ఈసీజీ తీసి ఎస్‌వీటీ అన్నారు, అంటే గుండె ఉన్నట్టుండి మరీ వేగంగా కొట్టుకునే జబ్బట. ముందు మందు లేకుండా చూద్దామని, ఖాళీ సిరంజి చేతికిచ్చి 15 సెకన్లు గట్టిగా ఊదించి, వెంటనే పడుకోబెట్టి కాళ్లు పైకెత్తారు. "ఊదమ్మా, ఇంకొంచెం" అంటూ సిస్టర్ పక్కనే ఉన్నారు. రెండుసార్లు చేసినా దడ లొంగలేదు.

దడ తగ్గించే అడినోసిన్ ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్నారు. వేరే జబ్బులేమైనా ఉన్నాయా అంటే టెన్షన్‌లో నేను "బీపీ తప్ప ఏమీ లేదండి" అనేశాను. సిస్టర్ ఊరుకోలేదు. అమ్మ వైపు వంగి, "ఆయాసానికి పీల్చే మందేమైనా వాడతారా?" అని అడిగారు. అమ్మ నా భుజానున్న సంచి చూపించింది. ఇన్‌హేలర్ అందులోనే ఉంది! ఆస్తమా ఉంటే అడినోసిన్‌కి శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చట. డాక్టరు గారు సిరంజి పక్కన పెట్టేశారు.

దాని బదులు డిల్టియాజెమ్ అనుకున్నారు. దానికీ ఓ మెలిక ఉంది. బీటా బ్లాకర్ మాత్రలు (గుండె వేగాన్ని, బీపీని తగ్గించేవి) వాడేవాళ్లకి ఎక్కిస్తే గుండె మరీ నెమ్మదించవచ్చు, ఒక్కోసారి ఆగిపోవచ్చు కూడా. అమ్మ బీపీ మాత్ర పేరు నాకు తెలీదు. ఇంటి నుంచి ఫోటో వచ్చేదాకా ఆగుతుంటే మీ మీద విసుక్కున్నాను, క్షమించండి. అది ఆమ్లోడిపిన్ అని, బీటా బ్లాకర్ కాదని తేలాకే, షాక్ ఇచ్చే మెషీన్ మంచం పక్కకి తెచ్చి, డిల్టియాజెమ్ రెండు నిమిషాల పాటు మెల్లగా ఎక్కించారు. ఆ మెషీన్ చూడగానే నాకు కాళ్లు వణికాయి. "అవసరమైతే వెతుక్కోకూడదని తెచ్చామంతే" అన్నారు డాక్టరు గారు.

పై బీపీ 130 నుంచి 94కి పడింది. సిస్టర్ మాత్రం తొణకలేదు. మాటిమాటికీ బీపీ చూస్తూ, మానిటర్ మీద నుంచి కళ్లు తిప్పలేదు. కాసేపటికి అక్కడ గుండె వేగం 82 కనబడింది.

దడ తగ్గించే మందుకే ఇంత కాపలా కావాలని నేనెప్పుడూ అనుకోలేదు. అమ్మ మాత్రల పేర్లు, ఆస్తమా సంగతి ఇప్పుడు ఓ కాగితం మీద రాసి ఇన్‌హేలర్‌తో పాటే పెట్టాను.

సిస్టర్, మీ ముఖం అమ్మకి సరిగ్గా గుర్తులేదట. "ఊదమ్మా" అన్న గొంతు మాత్రం గుర్తుందట.