లడ్డుకి ఏడాదికి ఎంతవుతుందంటే...

చి. శ్రావణికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. మన కుక్క చిట్టికి కీళ్ళ నొప్పులు తప్ప ఇంకే బాధా లేదు. తిండి దగ్గర మాత్రం ఎప్పటి హుషారే.

నీ ఆఫీసులో ఒకమ్మాయి లాబ్రడార్ కుక్కపిల్లని, అదే లడ్డుని, నీకు ఊరికే ఇచ్చేసిందని, ఆడది కాబట్టి ఎవరూ తీసుకోలేదని ఫోన్లో చెప్పావు. "నెలకి ఎంతవుతుందమ్మా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే మీటింగని పెట్టేశావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చిట్టి వచ్చిన దగ్గర్నుంచీ దాని ఖర్చు పాలవాడి లెక్క పక్కనే నా పుస్తకంలో రాస్తూనే ఉన్నాను కదా, అది ముందు పెట్టుకున్నా. ధరలు మన గుంటూరువి. హైదరాబాదులో డాక్టరు ఫీజు ఎక్కువే ఉంటుంది, ఆ తేడా నువ్వే కలుపుకో.

కుక్క ఖర్చు నెల లెక్కన చూస్తే తెలియదు, ఏడాది లెక్కన చూడాలి. తిండి ఒక్కటే నెలనెలా ఒకేలా ఉంటుంది. మిగతావన్నీ తేదీల ప్రకారం వస్తాయి. ఆ తేదీలు దాటకుండా చూసుకుంటే ఏడాదికి ఎంతో ఇప్పుడే చెప్పగలను. దాటిపోతే ఎవరూ చెప్పలేరు.

ముందు టీకాలు. లడ్డుకి రెండు నెలలన్నావు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు పడాలి. అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేస్తారు. పార్వో, డిస్టెంపర్, లెప్టో లాంటి పెద్ద జబ్బులకి టీకాలన్నీ ఆ ఒక్క సూదిలోనే కలిపి ఉంటాయి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేరేగా వేసి, కొన్ని వారాలకి ఇంకోటి వేస్తారు. ఆ తర్వాత ఏడాదికోసారి. మన డాక్టరుగారు కలిపి వేసే టీకాకి 800, రేబిస్‌కి 300, చూసినందుకు 300 తీసుకుంటున్నారు.

ఆ అమ్మాయి మొదటి డోసు వేయించిందో లేదో కనుక్కో. "వేయించాం" అంటే చాలదు, పుస్తకం చూపించమను. డాక్టరు టీకా సీసా మీది చిన్న స్టిక్కరు ఒలిచి పుస్తకంలో అతికించి, పక్కన తేదీ వేసి సంతకం పెడతారు. ఆ స్టిక్కరు లేకపోతే డోసు పడనట్టే అనుకుని డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు. సీసా ఫ్రిజ్‌లోంచి తీస్తున్నారా లేదా అన్నది కూడా చూడు. ఎండలో బయట పెట్టిన మందు పొడిచినా ఒకటే, పొడవకపోయినా ఒకటే. కుక్కల సామాన్లు అమ్మే షాపులో తక్కువకి వేస్తామంటారు, అక్కడికి మాత్రం వెళ్ళకు.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా లడ్డుని కింద పార్కులో దింపొద్దు. పార్వో క్రిమి నేలలో నెలల తరబడి చావకుండా ఉంటుంది, మన చెప్పులకి అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. మన వెనక వీధి మాస్టారి ఇంట్లో పొమేరనియన్ పిల్లకి అదే వచ్చింది. ముందు రోజు వాంతులు, మర్నాటికి రక్త విరేచనాలు. రోజూ క్లినిక్‌కి తీసుకెళ్ళి సెలైన్లు ఎక్కిస్తే బతికింది గానీ, మాస్టారికి 12 వేలు దాటింది. ఆ డబ్బుతో ఎన్నేళ్ళ టీకాలు వచ్చేవో నువ్వే లెక్క కట్టుకో.

చేతిలో డబ్బు లేని నెలలో రేబిస్ టీకా మానేయాలని మాత్రం అనుకోకు. ఏటా జులై 6న, జూనోసిస్ డే అని (జంతువుల నుంచి మనుషులకి అంటుకునే జబ్బుల గురించిన రోజు), మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఈ టీకా వేసింది ఆ రోజేనట, నాన్న చెప్పారు. మామూలు రోజుల్లో కూడా నీకు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. లైనులో కూర్చోవాలి, నీ ఏసీ క్లినిక్‌లా సోఫాలుండవు. కానీ పెద్ద జబ్బేదైనా వస్తే రకరకాల డాక్టర్లు ఒకేచోట దొరుకుతారు. ఇంకోటి, జీహెచ్‌ఎంసీలో కుక్కని రిజిస్టర్ చేయించాలి, దానికి రేబిస్ సర్టిఫికెట్ అడుగుతారు. కాగితాలు పారేయకు, నీకసలే ఆ అలవాటుంది.

ఇక నట్టల మందు. ఇప్పుడు పదిహేను రోజులకోసారి, మూడు నెలలు దాటాక నెలకోసారి, ఆరు నెలల తర్వాత మూడు నెలలకోసారి. బరువుని బట్టి ఇస్తారు. వంద రూపాయల లోపు పని. నల్లా బిల్లు కట్టిన రోజే దీన్నీ ఫోన్లో గుర్తు పెట్టుకో.

అసలు డబ్బంతా లాగేసేది గోమార్లు. వాన పడి ఎండ కాసే రోజుల్లో ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు. స్నానం చేయించేటప్పుడు పైపైన తడిమితే దొరకవు. కాలివేళ్ళ సందుల్లో విప్పి చూడాలి, చెవి తిప్పి లోపల చూడాలి, మెడ పట్టీ తీసి చూడాలి, తోక కింద చూడాలి. రక్తం తాగినది ఆముదం గింజలా ఉబ్బి బూడిదరంగులో ఉంటుంది, తాగనిది నువ్వుగింజంతే ఉంటుంది. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగు, మెలిపెట్టకు. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటివి ఎవరు చెప్పినా వినకు. తీసినదాన్ని గోటితో నలపకు, స్పిరిట్ పోసిన సీసాలో వెయ్యి.

మొన్న మొన్నటిదాకా చిట్టికి పౌడరే వేసేవాళ్ళం, వీధంతా అదే వాడేది. ఒక ఆగస్టులో అది అన్నం ముట్టడం మానేసింది. జ్వరం, చిగుళ్ళు పాలిపోయాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, టిక్ ఫీవర్, అంటే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం అన్నారు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్, మధ్యలో సెలైన్లు, మళ్ళీ మళ్ళీ రక్తపరీక్షలు. నా పుస్తకంలో ఆ పేజీ మొత్తం 8,400 రూపాయలు. అప్పటి నుంచి నెలకోసారి గోమార్ల మాత్ర ఇస్తున్నా, చిట్టి బరువుకి 600. లడ్డు ముప్పై కిలోలకి ఎదుగుతుంది కాబట్టి దానికి ఇంకా ఎక్కువవుతుంది. మూడు నెలలు పనిచేసేవీ ఉన్నాయి. ఏది ఇవ్వాలో, ఏ వయసు నుంచో డాక్టర్నే అడుగు. షాపువాడు చెప్పింది కొనకు.

షాపువాడంటే గుర్తొచ్చింది. లాబ్రడార్ అనగానే కాల్షియం టానిక్కు చేతిలో పెడతాడు. పిల్లకుక్కల ప్యాకెట్ ఫుడ్డు పెడుతుంటే అందులో ఉన్నదే చాలు. పెద్ద జాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైతే ఎముకలు సరిగ్గా పెరగవు. డాక్టరు రాయని టానిక్కులు, రంగుల షాంపూలు, చలికోట్లు... ఈ డబ్బంతా మిగుల్చుకో. హైదరాబాదు చలికి లాబ్రడార్‌కి కోటెందుకే?

ఇంటి తిండి పెడితే తప్పులేదు. కోడిమాంసం, అన్నం, క్యారెట్ ఉప్పు లేకుండా ఉడికించి పెట్టు, ఎంత పెట్టాలో డాక్టరుతో మాట్లాడుకో. నీ ప్లేటులో మిగిలిన సాంబారన్నం మాత్రం వద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి వాటి రక్తాన్ని పాడుచేస్తాయి. కిస్‌మిస్ ఉన్న పాయసం, చాక్లెట్లు, ఉడికించిన కోడి ఎముకలు కూడా వద్దు. ఒళ్ళు వేడిగా ఉందని నీ బ్యాగులోని పారాసెటమాల్ ముక్క విరిచి వేయకు. మన జ్వరం మాత్రలు, నొప్పుల మాత్రలు వాటికి విషం. అసలు వాటి ఒళ్ళు మనకంటే వేడిగానే ఉంటుంది, 101 నుంచి 102.5 దాకా మామూలే. ఒక డిజిటల్ థర్మామీటరు దానికంటూ విడిగా కొనుక్కో. వాజలీన్ రాసి వెనక నుంచి చూడాలి, నోట్లో కాదు. చిగురు మీద వేలితో నొక్కి వదులు, తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ గులాబీరంగు వచ్చేయాలి. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నప్పుడే రోజూ చూసి అలవాటు చేసుకుంటే, తేడా వచ్చిన రోజు నీకే తెలుస్తుంది.

ఆడకుక్క కదా, ఆపరేషన్ సంగతి. పిల్లలు వద్దనుకుంటే చేయించేయడమే మంచిది. ఎప్పుడన్నది దాని ఎదుగుదల చూసి డాక్టరు చెబుతారు. చిట్టికి 6,000 అయింది. చేయించకపోతే వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. అప్పుడు అర్ధరాత్రైనా పరుగెత్తాలి, ఖర్చు కూడా దీనికి ఎన్నో రెట్లు. "పాపం, ఒక్కసారైనా తల్లిని కానివ్వు" అని మీ అత్తయ్య చెబుతుంది. విని ఊరుకో.

ఇప్పుడు లెక్క. తిండి కాకుండా మొదటి ఏడాది టీకాలు, నట్టల మందు, గోమార్ల మాత్ర, ఆపరేషన్ అన్నీ కలిపి 20 వేలు అనుకో. రెండో ఏడాది నుంచి పదివేలు, కాస్త అటూఇటూ. దీనికి తోడు నెలకి వెయ్యి చొప్పున లడ్డు పేరు చెప్పుకుని ఒక ఆర్డీ కట్టు. మాస్టారికి వచ్చినట్టు హఠాత్తుగా వస్తే క్రెడిట్ కార్డు గీకే పని ఉండదు. కుక్కలకి కూడా ఇన్సూరెన్సు వచ్చిందని నాన్న పేపరు కటింగ్ దాచారు. తీసుకుంటే తీసుకో గానీ, టీకాలు, నట్టల మందు లాంటివి మామూలుగా వాటిలో రావు. ఏమేమి రావో ఆ చిన్న అక్షరాలు చదివి సంతకం పెట్టు.

నీ రూమ్మేటు సగం ఖర్చు పెట్టుకుంటానందని చెప్పావు. మంచిదే. ఆ అమ్మాయికి పెళ్ళై వెళ్ళిపోయినా లాబ్రడార్ పది పన్నెండేళ్ళు నీ దగ్గరే ఉంటుంది, అది చూసుకుని లెక్క వేసుకో.

దసరాకి దాన్ని తీసుకొస్తానన్నావు. అప్పటికి డోసులన్నీ పూర్తయి ఉంటేనే తీసుకురా, చిట్టి దగ్గరికి వదలాలంటే అదే నా షరతు.

ఇట్లు,
అమ్మ

తా.క. ఈ శనివారం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దాని బరువు తూయించి వాట్సాప్‌లో పెట్టు, టీకా పుస్తకం మొదటి పేజీ ఫొటో కూడా. నాన్న కొత్త పేజీ గీసి కూర్చున్నారు.