ప దగ్గర ఆగిన అందరికీ

రేపు మా బ్యాంకు మేనేజరు గారి వీడ్కోలు సభ. మా బ్రాంచికి వచ్చి మూడేళ్లయింది, బదిలీ వచ్చింది. సభలో నేను మాట్లాడతానని నాలుగు రోజుల కిందటే పేరు ఇచ్చేశాను. కానీ నేను రుణపడిన వాళ్లలో సగం మంది ఆ సభకు రారు. అందుకే ఈ రాత్రి కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

నాకు నత్తి ఉంది. ఒకే అక్షరాన్ని పదేపదే పలికే రకం కాదు, మాట మొత్తంగా ఆగిపోయే రకం. నా పేరు ప తో మొదలవుతుంది. ప అనాలంటే రెండు పెదవులూ కలిసి విడిపోవాలి. నాకు కలుస్తాయి, విడిపోవు. లోపల గాలి నిండిపోతుంది, గొంతు బిగుసుకుంటుంది, ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది. చూసేవాళ్లకు అది నాలుగైదు సెకన్లే. ఆ కాసేపట్లో ఎదుటి మనిషి ముఖంలో ఏం మారిందో మాత్రం నాకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

బడిలో అందరితో కలిసి ప్రతిజ్ఞ చెబుతుంటే ఒక్క అక్షరం కూడా తడబడేది కాదు. మాలాంటి వాళ్లలో చాలామందికి గుంపుతో కలిసి చదివినా, పాట పాడినా మాట ఆగదు. ఏడో తరగతిలో ఒకరోజు నన్ను ఒక్కదాన్నే ముందు నిలబెట్టి చెప్పమన్నారు. "భా" దగ్గర ఆగిపోయాను. వరసల్లోంచి వచ్చిన నవ్వు కన్నా, ఆపమని ఒక్క టీచరూ అనకపోవడం నన్ను ఎక్కువ కుంగదీసింది. ఆ రోజు నుంచి మాటలు మార్చుకుని బతకడం అలవాటు చేసుకున్నాను. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఇంటికి రావాలంటే పొన్నూరు టికెట్ తీసుకోవాలి. కండక్టరుకు "పొన్నూరు" అని చెప్పలేక, చీరాల టికెట్ కొని పొన్నూరులో దిగిపోయిన రోజులు ఎన్నో. ఆ ఎక్కువ డబ్బుల సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మది ఇంకో బాధ. నా చిన్నప్పుడు వస సరిగా పోయలేదని, అందుకే నాకు మాట ఇలా అయిందని ముప్పై ఏళ్లు మనసులోనే కుమిలింది. ఊళ్లో గలగలా మాట్లాడే పిల్లను ఎవరైనా వసపిట్ట అన్నా, లేచి లోపలికి వెళ్లిపోయేది.

2016లో బ్యాంకులో క్లర్కుగా చేరాను. రాత పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. తీరా కౌంటర్లో కూర్చుంటే అన్నీ ప తోనే. పాస్‌బుక్, పాన్ కార్డు, పంట రుణం, పట్టాదారు పాస్‌పుస్తకం, పొదుపు సంఘం. ఆ బ్రాంచిలో వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. "నీకెందుకమ్మా ఈ కష్టం, లోపల కూర్చుని వోచర్లు చూసుకో" అని రెండో నెలలోనే వెనక గదిలోకి పంపారు. ఆరేళ్లు అక్కడే ఉన్నాను. జాలితో మూసిన తలుపు అది. కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు.

2022లో ఈ బ్రాంచికి వచ్చాను. మొదటి రోజు మేనేజరు గారి ఎదుట నా పేరు చెప్పడానికి ప్రయత్నించి ఆగిపోయాను. ఆయన నా వైపే చూస్తూ ఉన్నారు. పేరు ఆయన బల్ల మీది కాగితంలో ఉంది, చూసి చదివేయొచ్చు. చదవలేదు. నేను చెప్పేదాకా ఆగారు. తర్వాత అడిగారు: "మేము ఎలా ఉంటే మీకు వీలుగా ఉంటుందమ్మా?" ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. ఏం చెప్పాలో తెలియక, మర్నాడు కాగితం మీద రాసిచ్చాను. నా మాట మీరు పూర్తి చేయకండి, మాట ఆగినప్పుడు చూపు తిప్పుకోకండి, నిదానంగా చెప్పమ్మా అనకండి. నన్ను అడిగి, నేను సరేనన్నాకే ఆ కాగితాన్ని స్టాఫ్ మీటింగులో చదివారు. ఆ రోజు నుంచి మా బ్రాంచిలో ఒక్కరు కూడా నా మాట మధ్యలో అందుకోలేదు. ఆ పది మందికీ పేరు పేరునా దండం పెడుతున్నాను.

క్యాషియర్ అక్క నన్ను గుంటూరులో ఒక స్పీచ్ థెరపిస్టు మేడమ్ దగ్గరికి తీసుకెళ్లింది. మొదటి సెలవు రోజు తన స్కూటీ మీదే. మేడమ్ మొట్టమొదట అన్న మాట: "నత్తి పూర్తిగా పోగొడతానని చెప్పను. అది వచ్చినప్పుడు దానితో పెనుగులాడకుండా దాటడం నేర్పిస్తాను." ఇది భయం వల్లో, బుద్ధి తక్కువై వచ్చేదో కాదని, మెదడులో మాట కదలికలను సమయానికి కూర్చే దారులకు సంబంధించినదని, చాలా ఇళ్లలో వంశంలో కూడా ఉంటుందని వివరించారు. మా మేనమామకూ ఉంది. రెండో వారం అమ్మను పిలిపించి, "మీ పెంపకంలో లోపం లేదమ్మా, వసతో దీనికి సంబంధమే లేదు" అన్నారు. అమ్మ అక్కడే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మేడమ్, నా మాట కన్నా ముందు మీరు బాగు చేసింది మా అమ్మని.

మేడమ్ నేర్పినవి వినడానికి చిన్నవే. పెదవులు బిగుసుకున్నాయని తెలియగానే ఇంకా నెట్టకూడదు. అక్కడే ఉండి, బిగువు సడలించి, సన్నగా గాలి వదులుతూ మాటలోకి జారాలి. అది వీలుకాక మాట బలవంతంగా బయటపడితే, ఒక్క క్షణం ఆగి, అదే మాటను తేలిగ్గా మళ్లీ అనాలి. అన్నిటికన్నా కష్టమైనది, కొత్తవాళ్ల దగ్గర కావాలని నత్తిగా మాట్లాడటం. మెడికల్ షాపుకు వెళ్లి "ప... ప... పారాసిటమాల్" అనమన్నారు. గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. మూడోసారి అన్నాను. కౌంటర్లో కుర్రాడు తలెత్తి "ఒక షీటా, రెండా?" అన్నాడు. అంతే. ఆ బాబుకు తెలియదు నాకెంత మేలు చేశాడో.

అదే ఏడాది మేనేజరు గారు పంట రుణాల ఫోన్ల జాబితా నా చేతికిచ్చారు. మూడు లక్షల దాకా పంట రుణానికి 7 శాతం వడ్డీ. గడువులోగా కడితే అందులో 3 శాతం తగ్గుతుంది, గడువు దాటితే ఆ తగ్గింపు పోతుంది. లక్షకు ఏడాదికి మూడు వేలు, కౌలు చేసుకునే మనిషికి చిన్న సొమ్ము కాదు. అందుకని గడువుకు ముందే ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. నాకు ఫోనంటే ప్రాణం మీదికి వచ్చేది. మాట ఆగితే అవతలివాళ్లు లైను కట్ అయిందనుకుని పెట్టేస్తారు. మొదటి రోజు ఆరుగురు పెట్టేశారు. ఏడో ఫోనుకు ముందే చెప్పేశాను: "నమస్తే అండీ, బ్యాంకు నుంచి. నాకు నత్తి ఉంది, మాట ఆగితే ఫోను పెట్టెయ్యకండి." అవతల ఒక పెద్దాయన, పొలం గట్టు మీద ఉన్నట్టున్నారు, ఇంజను చప్పుడు వినిపిస్తోంది. "చెప్పు తల్లీ, కాలవ నీళ్లు రావడానికి ఇంకా గంట టైముంది" అన్నారు. "పంట" దగ్గర చాలాసేపు ఆగాను. ఆయన ఊఁ కూడా కొట్టలేదు, ఉన్నారన్నట్టు ఇంజను చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. ఆ వారంలోనే వచ్చి కట్టి వెళ్లారు. కౌంటరు దగ్గర నన్ను గుర్తుపట్టి "నువ్వేనా అమ్మాయ్" అన్నారు. బాబాయ్ గారూ, మీరు ఇది చదవరు. మీ అబ్బాయి చదివితే వినిపించమని అడుగుతున్నాను.

టీసా, అంటే ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్, నత్తి ఉన్నవాళ్లే ఒకరికొకరు తోడుగా నడుపుకునేది. అక్కడ పరిచయమైన తెలుగువాళ్లం కొందరం ఆదివారాలు ఆన్‌లైన్‌లో కలిసేవాళ్లం. నత్తి దాదాపు నూటికి ఒకరికి ఉంటుందట, పెద్దవాళ్లలో ఆడవాళ్ల కన్నా మగవాళ్లకు చాలా ఎక్కువ. ఆ ఆన్‌లైన్ కాల్స్‌లో చాలా వారాలు నేనొక్కదాన్నే ఆడపిల్లని. అన్నయ్యలూ, పెళ్లిచూపుల్లో నా నత్తి సంగతి దాచమని చుట్టాలు పోరుతున్నప్పుడు, దాచొద్దని నాకు ధైర్యం చెప్పి నిలబెట్టింది మీరే.

పోయిన ఏడాది పొదుపు సంఘాల మీటింగులో బీమా గురించి చెప్పడానికి నన్ను పంపారు. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదానికి రెండు లక్షల బీమా. దాని పేరు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ఇదివరకైతే "ఇరవై రూపాయల ఇన్సూరెన్స్" అని తప్పించుకునేదాన్ని. ఆ రోజు పేరు పూర్తిగానే చెప్పాలనుకున్నాను. "ప్ర" దగ్గర పెదవులు అతుక్కున్నాయి. అరవై మంది ఆడవాళ్లు. ముందు వరసలో ఒకామె చంకలో పిల్లాణ్ణి సర్దుకుంటూ నా వైపే చూస్తోంది. నేను నెట్టలేదు. గాలి వదిలాను. ప్రధానమంత్రి అన్నాను, యోజన దాకా అన్నాను. కన్ను మూసుకుపోలేదని తర్వాత ఫోను వీడియోలో చూసుకుంటేగానీ తెలియలేదు.

మా బ్రాంచి అటెండర్ బాబాయ్ రేపటికి మైకు మాట్లాడి పెట్టాడు. నన్ను మూడో మనిషిగా పిలుస్తారట.

సార్, మీ పేరు కూడా ప తోనే మొదలవుతుంది. రేపు మైకులో మొదట అదే అంటాను. ఆ మొదటి రోజు ఆగినట్టే కాస్త ఆగండి.