గురువు పేరు తెలియకపోతే విద్య అబద్ధమా? మియావో సాము దరఖాస్తులు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

చైనాలో హునాన్‌లోని షియాంగ్షీ నుంచి, గ్వీజో కొండల నుంచి మియావో తెగ పల్లెలవాళ్లు తమ సామును సాంస్కృతిక వారసత్వంగా గుర్తించమని పంపే దరఖాస్తులు తమరి బల్ల మీదికే వస్తాయి. అవి గురుపరంపర పట్టిక దగ్గర ఆగిపోతున్న సంగతి మీకు కొత్త కాదు. దీని గురించి ఇదివరకు పంపిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. తెలుగునాట చైనా యుద్ధవిద్యలు నేర్చేవాళ్లం, నేర్పేవాళ్లం మేము. మాకు ఇందులో వాటా లేదు. కళ్లముందే ఒక విద్య చేజారిపోతుంటే ఊరుకోలేక రాస్తున్నాం.

ఆ పట్టికలో ఏం నింపాలో మీకు తెలుసు. ఎన్నో తరం, పేరు, స్త్రీయా పురుషుడా, పుట్టిన కాలం, చదువు, విద్య అబ్బిన తీరు, నేర్చుకున్న కాలం, నివాసం. మొదటి తరం గురువు దేశదిమ్మరి తావో సాధువు అయినప్పుడు వీటిలో ఏ గడి నిండుతుంది? తావో మతంలో చ్వెన్‌జెన్ శాఖ సాధువు ఇల్లు విడిచినవాడు. ఏ మఠం కనిపిస్తే అక్కడ కొన్నాళ్లుండి సాగిపోయేవాడు. నివాసం ఏమని రాయాలి? వయసు చెప్పకూడదన్నది తావో సాధువుల ఆచారం. అడగడమే అమర్యాద. ఇక పుట్టిన సంవత్సరం ఎవరు చెబుతారు? ఆయన దగ్గర నేర్చుకున్న రైతుకు రాసిపెట్టుకోవడానికి లిపి లేదు. మియావో భాషకు పొలార్డ్ లిపి 1905 ప్రాంతంలో వచ్చింది. రోమన్ అక్షరాల మియావో లిపులను మీ ప్రభుత్వమే తయారు చేయించింది 1956లో. అంతకుముందు సంగతులకు కాగితం తెమ్మంటే ఆ ముసలివాళ్లు ఎక్కడ తెస్తారు?

గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. అందుకని ఎవరో ఒకరు వూదాంగ్ కొండ తావో సాధువుగా కథల్లో వినిపించే జాంగ్ సాన్‌ఫెంగ్ పేరు రాసేస్తారు. ఆ పేరు రాస్తే ఎవరూ ప్రశ్నించరు కదా! తైజీ అనే నెమ్మది సాముకు మూలపురుషుడు జాంగ్ సాన్‌ఫెంగ్ అన్న మాటకు ఆధారం లేదని మీ దేశ చరిత్రకారుడు థాంగ్ హావ్ 1930లోనే రాశారు. అయినా ఖాళీ కంటే ఆ అబద్ధానికే మీ దగ్గర విలువ దక్కుతోంది. దీనివల్ల జరిగే నష్టం కాగితంతో ఆగదు. వూదాంగ్ పేరు పెట్టాక వీడియోలో కూడా వూదాంగ్‌లా కనిపించాలి. చేతులు పెద్ద వలయాలు తిరుగుతాయి, నడక నెమ్మదిస్తుంది, తెల్లబట్టలు వస్తాయి. రెండు మూడేళ్లకు కుర్రాళ్లు ఆ వీడియో చూసే నేర్చుకుంటారు.

అసలు విద్య ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. అది ఇంట్లో నిప్పుగుండం పక్కనున్న కాస్త చోటులో పుట్టిన సాము. ఎద్దు పడుకునేంత స్థలం చాలని మీ దేశపు సాముగాళ్లే అంటారు. అడుగు పొట్టిది, మోకాళ్లు వంగే ఉంటాయి, మోచేతులు పక్కటెముకలను వదలవు. ఒకే వరసను నాలుగు దిక్కులకూ తిరిగి చేస్తారు, ఎందుకంటే ఇరుకులో దెబ్బ ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు. దీన్ని పోటీ తివాచీ మీదికి ఎక్కించారనుకోండి. అది 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. అంత చోటు నింపాలంటే అడుగు సాగదీయాలి. అడుగు సాగితే నడుము పైకి లేస్తుంది, మోచెయ్యి పక్కను వదిలేస్తుంది, ఎదుటివాడి కాలికి వేసే పట్టు అందకుండా పోతుంది. చూసేవాళ్లంతా ఒక పక్కనే కూర్చుంటారు కనుక వెనక దిక్కుకు చేసే వరసలు కోసేస్తారు. కర్ర సంగతీ అంతే. అంతర్జాతీయ పోటీ నియమం ప్రకారం కర్ర ఆటగాడి ఎత్తుకు తగ్గకూడదు. కనుబొమల దాకా వచ్చే కర్రతో నేర్చినవాడికి పొడుగు కర్ర ఇస్తే చేతుల మధ్య ఎడం మారుతుంది, కింది కొస నేలకు తగులుతుంది. అప్పుడిక చేసేది వేరే ఆట.

ఇంకో చిక్కు, సాము పాఠాల పద్యాలు. అవి చైనా భాషలో ఉంటాయి. మియావో శిష్యులు వాటిని శబ్దంగా కంఠస్థం చేశారు. ఆ ప్రాంతపు చైనా యాసలో చాలాచోట్ల న, ల ఒకటిగా పలుకుతాయి. పట్టుకో అనే 'నా', లాగు అనే 'లా' వినడానికి దాదాపు ఒకేలా ఉంటాయి. దరఖాస్తు రాసే గుమాస్తా తనకు తోచిన అక్షరం వేస్తాడు. మణికట్టు పట్టాల్సిన చోట లాగడం మొదలవుతుంది. ముందు శబ్దాన్ని రికార్డు చేసి, ఒక్కో పాదానికి పెద్దాయన చేత ఆ కదలిక చేయించి, ఆ తర్వాతే అక్షరం ఎంచుకుంటే ఈ తప్పు రాదు.

1983 నుంచి 1986 దాకా దేశమంతా గాలించి 129 సాము పద్ధతులను లెక్క తేల్చారు. మూలం క్రమంగా తెలిసి ఉండాలన్నది అప్పటి షరతుల్లో ఒకటి. మూలం చెప్పుకోలేనివి ఆనాడే జల్లెడలోంచి జారిపోయాయి. అదే జల్లెడ మళ్లీ ఎందుకండీ? 2011 జూన్ 1న అమలులోకి వచ్చిన మీ సాంస్కృతిక వారసత్వ చట్టం 29వ అధికరణ ప్రతినిధి వారసుడికి పెట్టిన షరతులు మూడే. విద్య బాగా వచ్చి ఉండాలి, తన ప్రాంతంలో పేరుండాలి, ఇతరులకు నేర్పుతూ ఉండాలి. ముత్తాత గురువు చిరునామా అందులో లేదు. నాలుగో అధికరణేమో నిజాయితీ కాపాడమంటుంది. తప్పుడు పేరు రాయించే పట్టిక ఆ నిజాయితీని ఎలా కాపాడుతుంది?

ఆధారాలు కావాలంటే ఉన్నాయి, వెతికేవాళ్లు కావాలి. చ్వెన్‌జెన్‌లోని లోంగ్‌మెన్ ఉపశాఖ సాధువుల పేర్లలో తరానికి ఒక అక్షరం ఉంటుంది. ఏడో తరం 'చాంగ్'. 1656లో బీజింగ్ బైయున్ ఆలయంలో బహిరంగ దీక్షలు మొదలుపెట్టిన వాంగ్ చాంగ్యుయె ఆ తరంవాడు. పదకొండో తరం 'యి'. 1836లో మరణించిన మిన్ యిదె ఆ తరం. ఊరివాళ్లకు గురువు దీక్షానామంలో ఒక్క అక్షరం గుర్తున్నా, 1795 మియావో తిరుగుబాటుకు ముందువాడా, తర్వాతివాడా అని ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. శాఖను బట్టి తరాలు ముందువెనకలవుతాయి, నిజమే. అయినా కల్పించిన పేరు కంటే అది నయం. చైనా భాషలో క్రతువు చేసే బాదాయ్ జా పూజారులు షియాంగ్షీలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మంత్రాలలో, గురువందనాలలో తావో సంప్రదాయం నిండా ఉంది. సాము గురువు జాడ అక్కడ దొరకవచ్చు. వాళ్లను అడగడానికి ఒక మనిషిని పంపండి.

జాతీయ స్థాయి వారసుడికి 2016 నుంచి ఏడాదికి 20,000 యువాన్లు అందుతున్నాయి. మా గోడు ఆ డబ్బు కోసం కాదు. పల్లెల్లో కుర్రాళ్లు తీరప్రాంతపు ఫ్యాక్టరీలకు వెళ్లి వసంత పండుగకే, అంటే చైనా కొత్త సంవత్సరానికే, ఇంటికొస్తున్నారు. నేర్చుకునే రోజులు అవే. పెద్దాయన ఆ రోజులు కూడా పేరు లేని గురువుకు పేరు వెతుక్కుంటూ ఆఫీసు మెట్ల దగ్గర గడపకూడదు.

దయచేసి ఆ గడిలో "పేరు తెలియని సంచార తావో గురువు" అని రాస్తే ఒప్పుకోండి. పుట్టిన కాలం, నివాసం ఖాళీగా ఉన్నా దరఖాస్తు తిప్పి పంపకండి. వీడియో వేదిక మీద కాకుండా ఆ ఇంట్లో, ఆ నిప్పుగుండం పక్కనే, నాలుగు దిక్కుల వరసా కోయకుండా తీయించండి. పద్యాలను శబ్దంతో సహా భద్రపరచండి. ముందు ఆ గడి సంగతి తేల్చండి, వచ్చే వసంత పండుగలోపే తేల్చండి. ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
తెలుగునాట చైనా యుద్ధవిద్యలు నేర్చేవాళ్లు, నేర్పేవాళ్లు కొందరు