మన ఆఫీసు గాలి సంగతి

అందరికీ నమస్కారం. మూడింటికల్లా తల బరువెక్కుతోందని, కళ్లు మండుతున్నాయని ఈ వారం నలుగురైదుగురు చెప్పారు. భోజనం మత్తేమో అనుకున్నాను. నిన్న చిన్న మీటింగ్ రూములో మీటర్ పెట్టి చూశాం. తలుపేసుకుని ఎనిమిది మంది గంటసేపు కూర్చునేసరికి కార్బన్ డయాక్సైడ్ 1,900 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి ఇన్ని భాగాలని లెక్క) దాటింది! బయటి గాలిలో అది సుమారు 420. గదిలో 1,000 దాటిందంటే తాజా గాలి చాలట్లేదని సాధారణంగా వేసే లెక్క.

మన స్ప్లిట్ ఏసీలు బయటి గాలిని లోపలికి తేవు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతాయి. అందుకే మీటింగ్ అయ్యాక పది నిమిషాలు తలుపు, వెనకవైపు కిటికీ తెరిచి ఉంచండి. రోడ్డువైపు కిటికీలు మాత్రం ట్రాఫిక్ టైములో వద్దు, దుమ్ము, పొగ మొత్తం మన టేబుళ్ల మీదికే వస్తాయి. ప్యాంట్రీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను చప్పుడని ఎవరో ఆపేస్తున్నారు, దయచేసి ఆపకండి.

ఏసీ ఫిల్టర్లు శనివారం కడిగిస్తున్నాం. ఒకటి విప్పితే దుప్పటిలా దుమ్ము!

రూమ్ ఫ్రెషనర్ వాసనను కప్పుతుందే తప్ప గాలిని శుభ్రం చేయదు, పైగా ఆస్తమా ఉన్నవాళ్లకి ఇబ్బంది. శుక్రవారం పూజ మామూలుగానే ఉంటుంది, అగరుబత్తులు మాత్రం బాల్కనీలో వెలిగిద్దాం.

మనీ ప్లాంట్లు పెడదామన్నవారికి: తప్పకుండా పెట్టండి, కళ్లకి బాగుంటాయి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని అందరూ చెప్పే 1989 నాటి నాసా ప్రయోగం మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో చేసింది. ఇంత పెద్ద హాల్లో పది కుండీలతో గాలి మారదు.

గోడ మీద ఎక్కడైనా చెమ్మ, బూజు కనిపిస్తే ఫొటో తీసి ఇక్కడే పెట్టండి.