2024-25 వార్షిక నివేదిక: బడి హాజరు పని

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీలో రిపోర్ట్ చదవాలి కాబట్టి రాస్తున్నా, చదివేటప్పుడు సగం మంది చాయ్ దగ్గరే ఉంటారు కాబట్టి ముందే గ్రూపులో కూడా పెడుతున్నా, బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోకుండా జర చదవండి. మన బస్తీ పిల్లలు రోజూ బడికి పోవాలనే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే.

జూన్ 12న బడులు తెరిచారు. మొదట్లో మామూలే, మనం ఇంటింటికీ పోయి పిల్లల్ని పంపండి అనడం, వాళ్లు "పంపిస్తం సార్" అనడం. తర్వాత బోనాలు. లాల్‌దర్వాజ బోనాల మర్నాడు సోమవారం ఎట్లాగూ సర్కారు సెలవే, మన బస్తీలో మంగళవారం కూడా సగం బెంచీలు ఖాళీ. ఆ తర్వాత వినాయకుడు, మగపిల్లలు రాత్రంతా మండపం కాపలా, పొద్దున నిద్ర. పండగలంటే సరే, మామూలు రోజుల్లో ఆడపిల్లలు ఎందుకు ఎగ్గొడుతున్నారో మాత్రం అంతు చిక్కలేదు. ఇప్పుడు హాజరు ఫోన్‌లో మొహం చూసి వేస్తున్నారు, ఎవరు రాలేదో ఠక్కున తెలుస్తుంది, ఎందుకు రాలేదో ఏ యాప్ చెప్తుంది?

ఏడో తరగతి టీచరమ్మ ఆ అమ్మాయిలు రాని రోజుల్ని తెల్లకాగితం మీద క్యాలెండర్‌లా గీసి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఇచ్చారు. దాదాపు అన్నీ రోజు విడిచి రోజే. కమిటీలో మగవాళ్లం ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే, చాయ్ తెచ్చిన ట్రెజరర్ గారి భార్య ఒక్క చూపు చూసి "ఇవి నల్లా రోజులు కదా" అన్నారు. అంతే. మన బస్తీకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజే వస్తాయి, అవీ సరిగ్గా బడి టైంకే వదులుతారు, తల్లి అప్పటికే అపార్ట్‌మెంట్లలో పనికి పోయి ఉంటుంది, పై ఇళ్లవాళ్లు మోటార్లు పెట్టి గుంజుకోగా వెనక గల్లీలో సన్నటి ధార, పెద్దపిల్ల డ్రమ్ము, బిందెలు నింపుకునేసరికి గంట కొట్టేసి చాలాసేపవుతుంది, లేటుగా పోతే బయట నిలబెడతారని ఇక పోనే పోదు.

నీళ్ల టైం మార్చమని దరఖాస్తు ఇచ్చాం, స్టాంపు వేసి తీసుకున్నారు, ఆ స్టాంపే ఇప్పటిదాకా మనకు దక్కిన జవాబు. దాంతో మనమే నీళ్ల డ్యూటీ పెట్టుకున్నాం. ఇంట్లో ఉండే పెద్దవాళ్లు వంతులవారీగా పైపు పట్టుకుని, పెయింట్‌తో ఇంటి నంబర్ రాసిన డ్రమ్ములు నింపుతారు, పిల్ల బ్యాగు వేసుకుని పోతుంది. ఈ ఏడాది మనం చేసిన అసలు పని ఇదే, గర్వంగానే చెప్తున్నా, నల్లా రోజుల సున్నాలు సగానికి పైగా పోయాయని టీచరమ్మే చెప్పారు.

నవంబర్ 14 ఫంక్షన్‌లో ప్రైజులు పిల్లలకి కాకుండా ఈ నీళ్ల డ్యూటీ వాళ్లకి పెట్టాం. చీఫ్ గెస్ట్‌గా వస్తానన్న ఆఫీసర్ గారు మధ్యాహ్నం దాకా "దారిలో ఉన్నా" అంటూనే ఉన్నారు, ఏ దారో తెలీదు. చివరికి ఆ కుర్చీలో వెనక గల్లీ నానమ్మని కూర్చోబెట్టి ఆయన కోసం తెచ్చిన దండ ఆమెకే వేశాం. "నాకెందుకు బిడ్డా, పోచమ్మకెయ్యిరాదు" అని తీసెయ్యబోయింది, పిల్లలు తియ్యనియ్యలేదు. ఫోటోలన్నిట్లో దండ ఉంది, నానమ్మ మొహం మాత్రం పక్కకే.

అదే నెల 6 నుంచి ఇంటింటి సర్వేకి టీచర్లని తీసుకుని ప్రైమరీ బడులు ఒంటిపూట నడిపారు. సర్వే తప్పని కాదు, కానీ చిన్నపిల్లలకి పోయిన అలవాటు మళ్లీ తేవడానికి సంక్రాంతి దాటింది. మార్చి 15 నుంచి ఒంటిపూట బడుల్లో మళ్లీ అదే కథ.

టీచరమ్మకి, మధ్యాహ్నం భోజనం వండే అక్కలకి, తమ్ముడిని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోతున్న పిల్లని చూసి ఆ చిన్నోడిని అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకున్న టీచర్‌కి, ఫ్రీగా టెంట్ వేసిన తమ్ముడికి, మైక్ ఇచ్చిన గణేష్ మండపం కుర్రాళ్లకి పేరుపేరునా థ్యాంక్స్.

లెక్కలు ట్రెజరర్ గారి దగ్గర ఉన్నాయి, శాలువాలు, డ్రమ్ములు, పైపు, చాయ్, అంతే, బిల్లులు కావాలంటే చూసుకోవచ్చు, చందా బాకీలు కూడా అక్కడే చూసుకోవచ్చు.

వాలంటీర్ల లిస్టులో పేరు రాయించుకున్నవాళ్లలో చాలామందిని నల్లా దగ్గర నేను చూడలేదు. జూన్‌లో కొత్త లిస్టు రాస్తున్నాం. ఈసారి ఫోన్ నంబర్ వద్దు, ఎవరూ ఎత్తట్లేదు, ఇంటి నంబర్ రాయించండి, పొద్దున్నే వచ్చి తలుపు కొడతాం.

ఇట్లు, కార్యదర్శి