ఎంఎన్‌జేతో వరంగల్ విశ్వవిద్యాలయాల ఒప్పందంలో ఏముండాలి?

సంపాదకులకు,

ములుగు, భూపాలపల్లి పల్లెల క్యాన్సర్ రోగుల్లో చాలామంది జబ్బు ముదిరాకే దవాఖాన చేరుతున్నారు. ఈ పరిస్థితి మారాలంటే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, కాకతీయ మెడికల్ కాలేజీ, కాకతీయ విశ్వవిద్యాలయం కలిసి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానతో జత కట్టాలి. అయితే ఎంవోయూ (అవగాహన ఒప్పందం) అంటే మనకు ఓ శాలువా, ఓ ఫొటో, ఏడాదికో సదస్సు. అందుకే ఒప్పందంలో ఏం రాసుకోవాలో చెబుతున్నాం.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఓ చిన్న విశ్వవిద్యాలయం, ఓ పెద్ద క్యాన్సర్ కేంద్రం కలిసిన ఇలాంటి జోడీలకు 2001లో నిధులివ్వడం మొదలుపెట్టింది. అందులో పసిఫిక్ దీవి గువామ్‌లోని విశ్వవిద్యాలయం, హవాయి క్యాన్సర్ కేంద్రం కలిసి వక్క నమిలే అలవాటు మాన్పించే పద్ధతిని పరీక్షించాయి. గుట్కా, జర్దా నములుతున్న మనకూ అది పనికొచ్చే పనే. అక్కడ చిన్న సంస్థకు గ్రాంటు విడిగా, దాని పేరునే వచ్చేది. ఈ షరతు లేకపోతే వరంగల్ నమూనాలు పోగుచేసి పంపే చోటుగా మిగిలిపోతుంది. మన దేశంలోనూ దారి ఉంది. 1987లో ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ దవాఖాన తోడ్పాటుతో మహారాష్ట్రలోని బార్షీలో తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ (ఆ ప్రాంతంలోని క్యాన్సర్ కేసులన్నీ నమోదు చేసే ఏర్పాటు) పెట్టారు. సిబ్బంది ఊరూరా తిరిగి లక్షణాలు చెప్పడంతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందు దశల్లోనే బయటపడసాగింది.

ఆ క్యాన్సర్‌కు 30 నుంచి 65 ఏళ్ల మహిళలను అయిదేళ్లకోసారి ఎసిటిక్ యాసిడ్ పూసి పరీక్షించాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్‌ను 95 మిల్లీలీటర్ల నీళ్లలో ఏ రోజుకారోజు కలపాలి. పూశాక నిండా నిమిషం ఆగాలి, తేడా ఉన్న చోట తెల్ల మచ్చ కనబడుతుంది. నిన్నటి ద్రావణం వాడినా, తొందరపడి ముందే చూసినా, సెల్‌ఫోన్ లైటుతో కానిచ్చినా మచ్చ తప్పిపోతుంది. ముట్లుడిగినవారిలో మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి మచ్చ కనబడలేదని నిశ్చింతగా ఉండలేం, వాళ్లకు హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్షే చేయాలి. ఏఎన్‌ఎంలకు శిక్షణ ఒక్కరోజు తరగతితో వదలకుండా, వాళ్లు తీసిన ఫొటోలను మెడికల్ కాలేజీ గైనిక్ విభాగం నెలనెలా సరిచూడాలి.

తర్వాతి గండం బయాప్సీ, అంటే అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. ముక్క పరిమాణానికి పది రెట్లు, దాన్ని చెడకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రావణం పోయాలి. సెలైన్‌లో వేసి పంపితే, అందులోనూ మన ఎండలకు, స్లైడు మీద చూడటానికి ఏమీ మిగలదు. పేరు సీసా ఒంటి మీద రాయాలి, మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. రొమ్ము ముక్క ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి, లేదంటే ఏ మందు పనిచేస్తుందో చెప్పే హార్మోన్ రిసెప్టర్ల పరీక్ష ఫలితం నమ్మలేం. శుక్రవారం సాయంత్రం తీసిన ముక్కకు సోమవారం సెలవు అడ్డమొస్తే గడువు దాటినట్టే. బయాప్సీలు సోమ, మంగళ, బుధవారాల్లోనే పెట్టుకోవాలి. పత్తి ఏరే నెలల్లో పగటి క్యాంపు పెట్టి ఎవరూ రాలేదనడమూ మానాలి.

అసలు మనిషి జారిపోయేది మాత్రం రిపోర్టు వచ్చాకే. ముఖద్వార క్యాన్సర్ అక్కడక్కడే విస్తరించిన దశలో సాధారణంగా వారానికి 5 చొప్పున 25 సిట్టింగుల రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆపై బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్) ఇస్తారు. అంతా 8 వారాల్లో ముగియాలి, సాగినకొద్దీ ఫలితం తగ్గుతుంది. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు చూస్తుంది కానీ అన్ని వారాల కూలీ, తోడొచ్చిన మనిషి బస ఇంటివాళ్ల మీదే పడతాయి. మూడో వారంలో ఊరికెళ్లిన మనిషి తిరిగి రాకపోతే మర్నాడే ఫోన్ చేసే ఉద్యోగి ఒకరు ఉండాలి. ఏటూరునాగారం వైపు ఆ ఉద్యోగికి కోయ, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ రావాలి. తెలుగులో అచ్చువేసిన సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకుంటే సమ్మతి అయిపోదు. నోటి మాటగా ఎలా చెప్పాలో కాకతీయ విశ్వవిద్యాలయ సోషియాలజీ విభాగం రూపొందించవచ్చు, పరిశోధక విద్యార్థులకు ఇది సిసలైన పని.

ఒప్పందంలో లక్ష్యాన్ని "ఇన్ని పరీక్షలు" అని రాయవద్దు. తేడా కనిపించినవారిలో ఎందరికి 30 రోజుల్లో బయాప్సీ ఫలితం అందింది, ఎందరు చికిత్స పూర్తి చేశారు అన్న రెండు లెక్కలను మూడు నెలలకోసారి మండలాలవారీగా బయటపెట్టాలి. ఆ ఫోన్ చేసే ఉద్యోగుల జీతాలు తొలి ఏడాది బడ్జెట్‌లోనే, సదస్సు ఖర్చు కన్నా పై వరుసలో చూపాలి.

- ప్రజారోగ్య అధ్యాపకులు, హనుమకొండ