శక్తి పెరగలేదు సార్, వెలుగే తొందరగా వచ్చింది

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ సైన్సు పేజీలో చల్లని పరమాణువుల మేఘం మీద వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లు ఆగాను, వెయ్యలేదు. వెయ్యి పరమాణువులు కలిసి వెలిగితే పది లక్షల రెట్ల శక్తి పుడుతుందట, రేపోమాపో కరెంటు బిల్లులు కూడా తగ్గుతాయట!

లేజర్లతో చల్లబరిచిన రుబీడియం పరమాణువు ఒంటరిగా ఉంటే, తాను పీల్చుకున్న శక్తిని సగటున 26 నానోసెకన్లలో (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు) కాంతిగా వదిలేస్తుంది. చాలా దగ్గరగా చేరినవి ఒకదాని తరంగంతో ఇంకొకటి లయ కలిపాయంటే ఆ పని ఇంకా త్వరగా అయిపోతుంది, ఆ కాసేపూ వెలుగు తీవ్రత వాటి సంఖ్యకు వర్గంలా పెరుగుతుంది, మీ పది లక్షల లెక్క అక్కడిదే. మొత్తం శక్తి మాత్రం పిసరంత కూడా పెరగదు. ట్యాంకు గంటలో ఖాళీ చేసినా ఐదు నిమిషాల్లో చేసినా నీళ్లు అవే కదండీ. ఇది ఇంటర్ పిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది.

పైగా "సరికొత్త ఆవిష్కరణ" అట. ఇలా కలిసి వెలగడాన్ని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డికీ 1954లోనే లెక్క కట్టి చెప్పాడు, 1973లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒక వాయువులో చూశారు కూడా. అసలు రుచికరమైన సగం మీ విలేఖరి ముట్టుకోనే లేదు: ఇవే పరమాణువులు ఒకదాని వెలుగును ఇంకొకటి రద్దు చేసుకుంటూ కాంతిని లోపలే అట్టిపెట్టుకోగలవు. ఫ్రాన్స్‌లోని నీస్‌లో రాబిన్ కైజర్ బృందం 2016లో రుబీడియం మేఘంలో ఈ ఆలస్యాన్ని కొలిచింది, ఒంటరి పరమాణువు తీసుకునే సమయానికి వంద రెట్ల దాకా! ఇది వార్త కాదా?

అయినా మిమ్మల్ని ఒక్కరినే అని ఏం లాభం? ఇలాంటి పరమాణువుల లోకపు శాస్త్రాన్నే క్వాంటం అంటారు, ఇప్పుడు ఏ మీటింగులో చూసినా క్వాంటమే, ఏ ఫ్లెక్సీ చూసినా క్వాంటమే. 2023లో కేంద్రం క్వాంటం మిషన్‌కు ఆరు వేల కోట్లు ప్రకటించింది, సంతోషమే. ఇక్కడ డిగ్రీ కాలేజీ ల్యాబులో సోడియం దీపం మాడిపోతే కొత్తది తెప్పించే నాథుడు లేడు, లెక్చరర్ రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ, పిల్లలు పక్కవాడి రికార్డు చూసి రీడింగులు రాసుకుంటున్నారు, సంతకాలు పడిపోతున్నాయి. అధికారులకు చెబితే "ప్రపోజల్ పంపాం" అంటారు. ఎక్కడికి పంపారో!

సవరణ వెయ్యండి. రాశిఫలాల కింద చిన్న బాక్సులో కాదు, ఆ వార్త వచ్చిన పేజీలోనే, అంతే సైజులో.

– రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు జిల్లా